తలుపు వెనక బొగ్గుగీత

"చిట్టియ్యా! ఇక్కడుండాల్సిన గీత ఏదీ?"

ఫాదర్ గారి కేకకి చర్చి అంతా మారుమోగింది. గోడలకి సున్నం వేస్తున్న చిట్టియ్య బిక్కచచ్చిపోయాడు.

"నేను చెరపలేదండి బాబూ! ఇటువైపు ఇంకా సున్నమే వెయ్యలేదండి."

"తలుపు వెనక గీత జోలికి వెళ్ళొద్దని ముందే చెప్పానా లేదా? ఇంక చాలు. బకెట్టు తీసుకుని వెళ్ళు!"

స్తంభం పక్కన నిలబడ్డ బేబి చేతిలో పీచు వెనక్కి దాచుకుంది. చెరిపింది తనే మరి! చర్చి గుమ్మం మీద 1883 అని చెక్కి ఉంది. ఈ ఆదివారం నూరేళ్ళ పండుగ. ఐదో తరగతి పిల్లలంతా గోడలు శుభ్రం చేయడానికి వచ్చారు. ఆ బొగ్గుగీత ఎవడో ఆకతాయి గీశాడనుకుంది బేబి. తడిపిన కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది, తెల్లగా వచ్చిందని మురిసిపోయింది కూడా.

గంట కొట్టే సంపూర్ణమ్మ మామ్మ వచ్చి గోడ తడిమింది.

"అయ్యో! మా నాన్న గీసిన గీతండి," అంది. "అరవై ఏళ్ళ కిందట గోదారి గట్టు తెగింది. ఊళ్ళో ఇళ్ళన్నీ మునిగిపోయాయి. అప్పటి తెల్ల ఫాదర్ గారు ఊరందర్నీ లోపలికి పిలిచి, పాటలు పాడే అటక మీదికి ఎక్కించారు. నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయని నాన్న గుర్తు పెట్టాడు. ఎప్పుడు సున్నం వేసినా ఆ కాస్త మేర వదిలేస్తామండి."

మామ్మ కళ్ళు తుడుచుకుంది. చిట్టియ్య తల వంచుకుని బకెట్టు ఎత్తాడు. బేబి ఇక ఆగలేకపోయింది.

"చిట్టియ్య కాదు ఫాదర్ గారండీ! నేనే చెరిపానండి. మురికి అనుకున్నానండి." ఏడుపు తన్నుకొచ్చింది.

ఫాదర్ గారు చిట్టియ్య చేతిలోని బకెట్టు తనే అందుకుని కింద పెట్టారు. "ఏమనుకోకు చిట్టియ్యా. తొందరపడ్డాను," అన్నారు.

బేబి ముక్కు తుడుచుకుంది. "మామ్మా, వరదప్పుడు నువ్వెంతుండేదానివి?"

"ఇంచుమించు నీ అంతే. ఇక్కడే గడ్డందాకా మునిగిపోతే నాన్న ఎత్తుకున్నాడు."

బేబి గబగబా గోడకి ఆనుకుని నిలబడింది. "ఇంతేనా?"

"నేను నీకన్నా కాస్త పొడుగే! మడమలెత్తు. ఇంకొంచెం... ఆఁ, అక్కడే!"

బేబి గడ్డం దగ్గర మామ్మ బొగ్గుగీత గీసింది.

మళ్ళీ పీచు తీసుకుని బేబి స్తంభం దగ్గరికి వెళ్ళింది. పైన నల్లటి మరక ఉంది. చెయ్యి ఎత్తబోయి ఆగింది.

"మామ్మా, ఇదేంటి? తుడవచ్చా?"

మామ్మ పరీక్షగా చూసి నవ్వేసింది. "అది గబ్బిలాల రెట్టే తల్లీ. శుభ్రంగా తుడుచుకో!"