వెనక్కి వచ్చిన ఒడిబియ్యం

మిట్టమధ్యాహ్నం... కరంజ్‌గడ్ కోట మీద సూర్యుణ్ణి రాహువు మెల్లగా మింగుతున్నాడు. బురుజు మీది గుడ్లగూబ వేళ తెలియక ఒకసారి కూసి, తన పొరపాటుకు తానే సిగ్గుపడ్డట్టు ఊరుకుంది. దిగువన కోయనా నది ఒడ్డు శ్మశానంలో మాంత్రికుడు కాళోబా ఒక కపాలానికి కుంకుమ పూస్తున్నాడు.

ఆ కపాలం కాన్పులో పోయిన ఒక పేదరాలిది. బిడ్డ మొహం చూడని ఆ ప్రాణం పుర్రెలో చిక్కుకుని, ఏ గర్భం చూపిస్తే దాని మీద పడే ఘోరపిశాచమైంది...

ఎదురుగా తెల్లచీర కొంగు ముఖం మీదికి లాక్కుని రాజమాత మైనాబాయి కూర్చుంది. గద్దె మీద ఉన్నది సవతి కొడుకు జయాజీరావు, క్షయతో రేపో మాపో అన్నట్టున్నాడు. అతని భార్య చిమాబాయి గర్భిణి. ఆమెకు కొడుకు పుడితే రాజ్యం ఆ బిడ్డది. పుట్టకపోతే మైనాబాయి కన్నకొడుకుది. ఇంత చిన్న లెక్కకి ఇంత పెద్ద పుర్రె అవసరమా అని ఆమెకు తోచలేదు.

"ఈ కొబ్బరికాయ, ఈ బియ్యం రేపు రాణీగారి ఒడిలో పడాలి. ముత్తయిదువ చేత్తోనే పడాలి," అన్నాడు కాళోబా.

"నన్ను ఆ గడప ఎలాగూ తొక్కనివ్వరులే. నా కోడలు గోదూ పోస్తుంది."

"ఒక్క మాట, ఆవూసాహెబ్. ఆ ఒడి నుంచి ఒక్క గింజ వెనక్కి రాకూడదు. గింజ ఏ దారిన వస్తే ఇదీ ఆ దారినే వస్తుంది."

"ఒళ్లో పోసింది ఎవరు వెనక్కిస్తారయ్యా?" అందామె. భర్త పోయాక ఆమె ఒడి ఎవరూ నింపలేదు. పద్ధతి మరిచిపోయింది.

కోటకు తిరిగొచ్చేసరికి ఇంకా గ్రహణం విడవలేదు. గోదూ చీకటి గదిలో చేతులు కట్టుకుని కూర్చుంది.

"నిమ్మకాయలు కోసి గుమ్మానికి కట్టమన్నానుగా?"

"గ్రహణం విడవనివ్వండి అత్తయ్యా. ఇప్పుడు కత్తి పట్టను."

"పట్టకూడనిది చిమా. నీకేమొచ్చింది, బద్ధకమా?"

గోదూ తలవంచుకుని నవ్వింది. రాజకీయం కరతలామలకమైన మైనాబాయికి ఆ నవ్వులో బద్ధకమే కనిపించింది.

మర్నాడు సాయంత్రం ఆకాశం కాటుకలా నల్లబడి ఉరుముతోంది. ఆకుపచ్చ పట్టుచీరలో చిమాబాయి పీట మీద కూర్చుంది. విధవ నీడ పడకూడదు కనుక మైనాబాయి జాలీ కిటికీ వెనక నిలబడింది. గోదూ కొబ్బరికాయ ఒడిలో పెట్టి, దోసిటితో బియ్యం పోసింది. దీపాలన్నీ ఒక్కసారి రెపరెపలాడాయి... పని అయిపోయింది!

అప్పుడు చిమాబాయి తన ఒడిలోంచి గుప్పెడు బియ్యం తీసి గోదూ కొంగులో వేసింది.

"ఇదేంటక్కా?"

"మీ ఇంటి లక్ష్మి మొత్తం నా ఒళ్లోకి వచ్చేస్తే ఎట్లాగే? కాసిని నీకు. మీ అమ్మ నేర్పలేదా? నీ ఒడీ నిండాలి."

గోదూ గొంతు తగ్గించింది. "నిండిందక్కా. మూడో నెల. దిష్టి తగులుతుందని అత్తయ్యకి కూడా చెప్పలేదు."

జాలీ వెనక మైనాబాయి నోరు తెరిచింది. విదిలించెయ్యవే అని ఒక్క కేక చాలు. కానీ ఎందుకు విదిలించాలి అని అడుగుతారు. ఎవరు మంత్రించారు అని అడుగుతారు... గద్దె కళ్ల ముందు మెదిలింది. నోరు మూసుకుంది. గోదూ గింజల్ని కొంగున ముడేసుకుంది.

కుండపోతలో మైనాబాయి శ్మశానానికి పరుగెత్తింది. "వెనక్కి పిలు దాన్ని. నా వంశం పోతోంది."

కాళోబా కొరడాతో పుర్రెను ఛెళ్లుమనిపించాడు. పుర్రె కదల్లేదు. పిడుగు వెలుగులో, అతని వెనక తడిజుట్టుతో ఒక స్త్రీ ఆకారం... బతికుండగా ఎవరూ ఆమె ఒడి నింపలేదు. చిమాబాయి ప్రేమతో వేసిన ఆ గుప్పెడు గింజలు ఆమెకూ అందాయి. మంత్రబంధం పుటుక్కున తెగింది.

"నేను యజమానిని. ఆగు," అన్నాడు కాళోబా.

అతని పొట్ట ఉబ్బడం మొదలైంది. నిండు గర్భిణిలా ఉబ్బి, నొప్పులు పడి, ప్రసవం లేకుండానే ప్రాణం పోయింది. పుర్రె రెండుగా చీలింది. ఆకారం మాయమైంది. కానీ అది చేసి వచ్చిన పని చెరగలేదు... ఆ సాయంత్రమే కోటలో రెండు గర్భాలూ పోయాయి. ఆ తర్వాత ఆ ఇంట ఏ కడుపూ పండలేదు.

గద్దె మైనాబాయి కొడుక్కే వచ్చింది. అతని తర్వాత ఎవరికీ రాలేదు. వారసుడు లేడని కంపెనీ దొర కోటకి తాళం వేశాడు.

అదంతా తర్వాతి మాట. ఆ రాత్రి గోదూ తడబడుతూ వచ్చి అత్తగారి ఒళ్లో తలపెట్టుకుంది. కొంగు ముడి విప్పింది.

"అక్క పెట్టిన గింజలు అత్తయ్యా. నా దగ్గర ఉంటే ఏడుపొస్తోంది. పారెయ్యడానికి మనసొప్పట్లేదు."

గోదూ అత్తగారి అరచేయి తెరిచి, ఒక్కొక్క గింజే అందులో పెట్టింది.

"మీ దగ్గరే ఉంచండి."