డబ్బాలోకి తిరిగి వేసిన చీటీ

వాళ్ల దేశంలో జూలై అంటే చలికాలం. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తివొంగే పొయ్యి మీది గంజిని ఒక చేత్తో కలుపుతూ, రెండో చేత్తో ఆరో తరగతి హాజరు పట్టీ తిరగేస్తోంది. అందులో నూట పన్నెండు పేర్లున్నాయి. గుమ్మం దగ్గర ఎండపొడలో అత్తగారు వేరుశెనగ కాయలు ఒలుస్తోంది. ఆవిడ పక్కనే కూతురు తెమ్వా చేటలో చిక్కుడు గింజలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. పన్నెండేళ్ల పిల్ల. చూపు ఎటో ఉంది, వేళ్లు మాత్రం చకచకా కదులుతున్నాయి.

"కళ్లజోడేదే?" అంది తివొంగే.

"సంచిలో ఉందమ్మా. ముక్కు మీద బరువుగా ఉంటోంది."

"బరువని తీసేస్తే డాక్టరు ఎందుకిచ్చినట్టు? పెట్టుకో."

"బళ్లో పెట్టుకుంటాలే."

అత్తగారు కాయలు ఒలవడం ఆపింది. "దాన్ని ఇంకోసారి మ్జుజు ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించమని క్రిస్మస్ నుంచి మొత్తుకుంటున్నా. ఊళ్లో పిల్లలందరికీ అమ్మవి నువ్వు. దీనికొక్కదానికే మేడమ్‌వి."

"సెలవులివ్వనీండి అత్తయ్యా," అంటూ తివొంగే పట్టీ మూసేసింది. ఆ మాట ఆమె ఈస్టరుకీ అంది.

రుంఫీ జిల్లాలోని ఆ బడికి కిందటి సెప్టెంబరులో ఇరవై నాలుగు ట్యాబ్‌లు వచ్చాయి. వాటికి ఛార్జింగ్ పెట్టేందుకు ఇనుపరేకుల కప్పు మీద సౌర పలకలు బిగించారు. హెడ్మాస్టరు గోండ్వే ఆ గది తాళం తెచ్చి తివొంగే చేతిలో పెట్టాడు. "మీరైతే ఎవరూ వేలెత్తి చూపరు మేడమ్," అన్నాడు. ఆ మాట ఆమెకు చాలా రోజులు తియ్యగా ఉండిపోయింది.

ఎంత సర్దినా ఆరో తరగతి ఒక్కదానికే చాలవు. నెలలోని నాలుగు వారాలకీ ఇరవై నలుగురు చొప్పున నాలుగు జట్లు వేస్తే తొంభై ఆరు మంది. మిగతా పదహారు మందికీ నల్లబల్లే గతి. చీటీలు వేద్దామని తివొంగే అంది. తల్లిదండ్రులందరినీ పిలిచి, వాళ్ల ముందే పాలపొడి డబ్బాలోంచి ఒక్కో చీటీ తీసి చదివింది. ఏడో చీటీ తెమ్వాది.

ఆ పేరు చదవగానే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వెనక వరుసలోంచి ఒకామె, "మేడమ్ గారి చేతికి చీకట్లో కూడా కూతురి పేరు తెలుస్తుందిలే," అంది. నలుగురు నవ్వారు. తివొంగే మొహం మండిపోయింది. ఆ చీటీ మడిచి డబ్బాలోకి తిరిగి వేసి, గలగలా కలిపి, ఇంకోటి తీసింది. తర్వాత తెమ్వా పేరు మళ్లీ రాలేదు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. న్యాయమంటే ఇదీ అన్నాడు ఓ పెద్దాయన. తెమ్వా ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ అనలేదు. అలిగితే అలిగింది, పిల్లలేగా, రెండ్రోజుల్లో మర్చిపోతుంది అనుకుంది తల్లి.

ఆ చలి ఉదయమే జిల్లా విద్యా కార్యాలయం నుంచి మ్హాంగో అనే సలహాదారు మోటారు సైకిలు మీద వచ్చింది. ట్యాబ్‌ల గది చూసింది, పిల్లల చేత చదివించింది, సంతోషించింది. తర్వాత పుస్తకం తీసి, "చూపు తక్కువ పిల్లలు ఎంతమంది వాడుతున్నారు?" అని అడిగింది.

తివొంగే తలుపు వైపు చూసింది. "ఎవరూ లేరండి."

"ఎవరూ లేరా? ఈ ట్యాబ్‌లో అక్షరం అరచేతంత చెయ్యచ్చు. మన తుంబుకా భాషలో పాఠం చదివి వినిపిస్తుంది కూడా. చూపూ, వినికిడీ తక్కువైన పిల్లలకు ముందు ఇవ్వాలని, మిగిలినవే చీటీలు వెయ్యాలని కాగితం పంపాంగా. అందులో మొదటి మాటే అది."

"ఆ కాగితం ఎక్కడో పోయినట్టుందండి."

గోండ్వే ఆమె వైపు ఓసారి చూసి, కళ్లు దించుకున్నాడు. కాగితం ఆమె చేతికిచ్చింది ఆయనే. "మేడమ్ వాళ్లమ్మాయికే కొంచెం చూపు తక్కువ," అన్నాడు మెల్లిగా.

తెమ్వాను పిలిపించారు. పక్కింటి పిల్ల వేజి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. స్నేహితులు కదా, ఎప్పుడూ చేతులు పట్టుకునే తిరుగుతారు అనుకునేది తివొంగే. ఆ చెయ్యి ఎందుకు పట్టుకుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

మ్హాంగో ట్యాబ్ తెరిచి ఓ పాఠం పెట్టింది. "కనిపిస్తోందా తల్లీ?"

"ఇంకొంచెం పెద్దది చెయ్యండి."

చేసింది.

"ఇంకా."

అలా పెంచుతూ పోతే చివరికి ఒక్క అక్షరం తెరంతా నిండింది. తెమ్వా ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగింది.

"ఏదో నల్లగా ఉందండి," అంది తెమ్వా.

తివొంగే గోడకు ఆనుకుంది. "ఎప్పట్నుంచే? నాకెందుకు చెప్పలేదు?"

వేజి అందుకుంది. "అక్టోబరులో బాగానే చదివింది మేడమ్. మా జట్టు వారం వచ్చినప్పుడు నేను ట్యాబ్‌ని కిటికీలోంచి తనకి అందించేదాన్ని. అక్షరాలు పెద్దవి చేస్తే తనంతట తనే పేజీ మొత్తం చదివేసింది. ఎంత నవ్విందో. తర్వాత మీరు చూస్తారేమోనని మానేశాం. ఇప్పుడు నేను చదువుతుంటే విని కంఠస్థం చేస్తోంది."

"వేజినేం అనకమ్మా," అంది తెమ్వా. "ఎవరైనా చూస్తే నిన్నే అంటారని నేనే వద్దన్నా."

సాయంత్రం తివొంగే భర్త యోతామ్ మొక్కజొన్న మిల్లు నుంచి తెల్లటి పిండి కనుబొమలతో ఇంటికొచ్చాడు. మిల్లు రొదకి అలవాటుపడ్డ మనిషి, ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతాడు. సంగతంతా అప్పటికే దారిలో విన్నాడు. తెమ్వా నాయనమ్మతో బోరింగు దగ్గరికి వెళ్లేదాకా ఆగి, చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"ఆ కాగితం నిజంగానే పోయిందా?"

తివొంగే చేతిలోని సంకటి తెడ్డు పక్కన పెట్టింది. లోపలికెళ్లి కీర్తనల పుస్తకంలోంచి నాలుగు మడతల కాగితం తెచ్చి ఇచ్చింది. అతను వాకిట్లో వెలుతురుకి పట్టుకుని చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"చదివావా దీన్ని?"

"చదివాను."

"చీటీలకి ముందా, తర్వాతా?"

"ముందే. క్లాసులో చూపు తక్కువున్నది మన పిల్ల ఒక్కతే. ఈ కాగితం చదివి మొదటి ట్యాబ్ నా కూతురికే ఇస్తే అందరూ ఏమనుకుంటారు? నాకు నేనే రాసుకున్నానంటారు. చీటీలో వస్తే వస్తుంది, ఎవరూ అనరు అనుకున్నా."

"వచ్చిందిగా చీటీలో."

తివొంగే తెడ్డు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"పిల్లకి దేవుడిచ్చింది ఒకసారి తీసి డబ్బాలో వేశావు, ఆఫీసు వాళ్లిచ్చింది ఇంకోసారి మడిచి పుస్తకంలో పెట్టావు," అన్నాడు యోతామ్. "మంచి పేరు ఎవరికొచ్చింది తివొంగే? నీకొచ్చింది. దానికేం మిగిలింది?"

"మీరు మాత్రం చూశారా? రోజూ పక్కన కూర్చుని తింటుంది. ఉప్పు గిన్నె తడుముకుంటుంటే ఒక్కనాడైనా అడిగారా?"

"అడగలేదు. నా తప్పూ ఉంది. కాదన్లేదు." అతను కాగితం మళ్లీ మడిచాడు. "కానీ నాకు పెద్ద చదువు లేదని దాన్ని నీ చేతుల్లో పెట్టా. బళ్లో మేడమ్‌గా వాళ్లమ్మే ఉంది, దానికేం లోటనుకున్నా."

ఆ పూట సంకటి అలాగే గడ్డకట్టింది. ఎండుచేపల కూర ఎవరూ ముట్టలేదు. బోరింగు నుంచి తిరిగొచ్చిన తెమ్వా ఇంట్లో నిశ్శబ్దం విని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

రెండో రోజు తల్లీకూతుళ్లు మ్జుజు వెళ్లారు. డాక్టరు చాలాసేపు లైటు వేసి చూశాడు. కంటి వెనక పొర ఎండిపోతోందనీ, పోయినది తిరిగి రాదనీ చెప్పాడు. ముందే వచ్చి ఉంటే ఆగేదా అని తివొంగే అడిగింది. ఆగేది కాదన్నాడు. "కాకపోతే ఇంకో పది నెలలు పెద్ద అక్షరాలతో చదువుకునేది. ఉన్నన్నాళ్లు వాడుకునేది," అన్నాడు. ఆయన మంచివాడు, ఓదార్పుగానే అన్నాడు. ఆ పది నెలలే తివొంగే గుండెలో దిగబడ్డాయి.

మినీబస్సు నిండేదాకా ఇద్దరూ స్టాండు గట్టు మీద కూర్చున్నారు. తెమ్వా కాల్చిన కర్రపెండలం తింటోంది. తివొంగే దాని భుజాల చుట్టూ తను నడుముకు చుట్టుకున్న చితెంజే గుడ్డ తీసి కప్పింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేసింది. కాగితం వచ్చిన సంగతీ, చదివి దాచిన సంగతీ, పోయిందని అబద్ధం ఆడిన సంగతీ, ఒక్కటీ దాచలేదు.

తెమ్వా నమలడం ఆపింది. "నాకు చీటీ వచ్చినప్పుడు ఎంత సంతోషం వేసిందో తెలుసా అమ్మా," అంది చివరికి. "నువ్వు వెనక్కి వేసినప్పుడు, అమ్మకి నేనంటే సిగ్గేమో అనుకున్నా."

"కాదమ్మా, కాదు." తివొంగే కూతురి తల ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. చుట్టూ టిక్కెట్ల కుర్రాళ్లు ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. ఎవరు చూస్తున్నారన్న ధ్యాస ఆమెకు ఆ రోజు లేదు. తెమ్వా కూడా ఏడ్చింది, తర్వాత చేతులతో వెతికి తల్లి చెంపలు తుడిచింది.

"ఆ కాగితంలో నా పేరుందా?"

"లేదు. నీలాంటి పిల్లలని ఉంది."

"మన బళ్లో నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారా?"

తివొంగే పదకొండేళ్లుగా ఆ బళ్లో పాఠాలు చెబుతోంది. ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

సోమవారం ఆమె గోండ్వే దగ్గరికెళ్లి కాగితం ముందు పెట్టింది, జరిగింది చెప్పింది. ట్యాబ్‌ల గది తాళం కూడా పెట్టింది. ఆయన తాళం తిరిగి ఇవ్వలేదు, కోప్పడనూ లేదు. "ముందు పిల్లల్ని వెతకండి మేడమ్," అన్నాడు.

తల్లి పేర్లు రాసేందుకు పుస్తకం పట్టుకుంది, కూతురు తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టారు. పిల్లలు పెద్దవాళ్లకి చెప్పనివి తెమ్వాకి చెప్పారు. నాలుగో తరగతిలో ఒక పిల్లకి కుడి చెవి వినపడదు. రెండో తరగతిలో చివరి వరుసలో గోడకి ఆనుకుని ఓ చిన్నపిల్ల కూర్చుని ఉంది. అది ఒట్టి బద్ధకపు పిల్ల, పలకమీద ఒక్క ముక్క రాయదని అక్కడి టీచరు చెప్పింది.

తెమ్వా నేల మీద ఆ పిల్ల పక్కన కూర్చుంది. "బోర్డు మీద ఏం కనిపిస్తోంది నీకు?"

ఆ పిల్ల టీచరు వైపు భయంగా చూసింది. తెమ్వా చెవి దగ్గర నోరు పెట్టి, "మేడమ్ చెయ్యి ఊగడం," అంది. "అంతే కనిపిస్తుంది. ఎవరికీ చెప్పకు."

"నాకూ ముందు అలాగే ఉండేది. చెప్పాలి. చెప్తే తిట్టరు."

గుమ్మంలో నిలబడ్డ తివొంగే మొహం పక్కకి తిప్పుకుంది. చేతిలోని పుస్తకం మీద కన్నీటి చుక్కలు పడుతున్నాయి.

"అమ్మా," అని పిలిచింది తెమ్వా, తల్లి ఎటువైపు ఉందో వెతుకుతూ. "పేరు రాసుకో."