ఎడారిలో ఈత అద్దాలు

పెంచల్ కన్ను కొట్టాడు.

అదీ ఎవరికి? బిర్యానీ గిన్నె మూత తీస్తున్న అరుణజ్యోతికి. పట్టపగలు, కువైట్‌లో అమ్ఘరా తుక్కు యార్డుల వెనకాల మైదానంలో, రెండు టీముల కళ్ళ ముందర, ఆ పిల్ల పెదనాయన రామసుబ్బయ్య అంపైరుగా నిలబడి చూస్తుండగా.

అరుణజ్యోతి చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది.

"ఏందది?"

"బంతి. ఇట్లొచ్చింది," అన్నాడు పెంచల్ పాలుతాగే పిల్లాడిలా. అంటూనే కుడికన్ను టపీమని మూసి తెరిచాడు.

"బంతి సంగతి కాదు. ఆ కన్నేంది?"

"కన్నా? కన్నుకేమైంది?"

ముచ్చటగా మూడోసారి కొట్టాడు.

అరుణజ్యోతి కాళ్ళ దగ్గరున్న బంతి తీసి విసిరింది. మనిషి వైపు కాదు, ఆ మనిషి ఎంత పరిగెత్తినా దొరకనంత దూరం. ఆ బంతి ఇరాక్ సరిహద్దులో కాపలా ఉన్నవాడి ఒళ్ళో పడిందని చెప్పుకుంటారు. నేను చూడలేదు, హన్మాండ్లు చెప్పాడు. హన్మాండ్లు నిజామాబాద్ జట్టు కెప్టెన్. అబద్ధం ఆడాల్సి వస్తే చిన్నది ఆడడు.

"అబ్బబ్బ, ఏమిసిరింది భయ్!" అని అరిచాడు హన్మాండ్లు. "గీ పిల్లను మా టీముల ఏసుకుంట!"

రామసుబ్బయ్య నెత్తి మీది టోపీ తీసి, గోక్కొని, మళ్ళీ పెట్టుకుని వచ్చాడు. "అమ్మీ, వాడు నీకు కన్ను కొట్టలేదే. రెప్ప వాల్చినాడు."

"ఒక కన్నుకే వాలుతాదా, పెదనాయనా?"

"వానికంతే. వాని మొగం అట్ల తగలడింది. ఏం జేస్తాం?"

నిజం అదే. పెంచల్‌ది రాజంపేట దగ్గర పల్లె. అమ్ఘరాలో పాత కార్లు విప్పే పని. పోయినేడు మొహం మీద ఎడమవైపు సర్పి లేచింది. పొక్కులు మానాయి గానీ, పోతూ పోతూ ఎడమకన్నును మొద్దు చేసి పోయాయి. అందులో తడి లేదు, స్పర్శ లేదు, రెప్ప పూర్తిగా వాలదు. లోకంలో అందరూ రెండు రెప్పలు వాలిస్తే, పెంచల్‌కు ఒకటి వాలుతుంది, రెండోది కాపలా కాస్తుంది. ఈ లెక్కన కువైట్‌లో పెంచల్ కన్ను కొట్టని మనిషి లేడు. వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కు కొట్టాడు. దేశంలో ఉండేందుకు అనుమతి కార్డు, ఇఖామా ఇచ్చే ఆఫీసులో మీసాల పోలీసుకు కొట్టాడు. ఒకసారి దారినపోయే ఒంటెకు కొడితే, అది సిగ్గుపడి జహ్రా దాకా వెంట వచ్చింది. నమ్మకపోతే మానెయ్యండి.

డాక్టరు విడమరిచే చెప్పాడు. "నొప్పి లేదని సంబరపడొద్దు. నొప్పి లేకపోవడమే నీ జబ్బు. దుమ్ము పడినా, గీసుకుపోయినా నీకు తెలియదు. బయటికి పోతే చుట్టూ మూసుకునే కళ్ళజోడు పెట్టుకో. చుక్కల మందు వేస్తూ ఉండు. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకో. చేత్తో నలపొద్దు."

ఇన్ని మాటల్లో పెంచల్ ఒక్కటే ఏరుకున్నాడు, నొప్పి లేదు అన్నది. నొప్పే లేనప్పుడు జబ్బెక్కడిదని వాడి వాదం. నూనె, తుప్పు, ఇసుక అన్నీ పట్టిన తలగుడ్డ కొసతో ఆ కన్నునే వారమంతా తుడిచేవాడు.

సంగతి తెలిశాక అరుణజ్యోతికి కొంచెం జాలేసింది. ఆటయ్యాక రెండు ముక్కలు ఎక్కువేసి పళ్ళెం అందించింది. అందిస్తూ వాడి మొహంలోకి చూసి కెవ్వుమంది.

"నీ కంట్లో తుప్పు రేకుండాది!"

"యాడ?" అన్నాడు పెంచల్, ముక్క నములుతూ.

"గుడ్డు మీదే! తెల్లగా ఉన్నచోట కూసోనుండాది. తెలీలేదా నీకు?"

"తెలీలే. ఎప్పుడు కూసుందో ఏమో. బిర్యానీ బాగుంది."

"చుక్కల మందేది?"

పెంచల్ గర్వంగా జేబులోంచి సీసా తీశాడు. అరుణజ్యోతి చూసింది. మూతకు సీలు కూడా ఊడలేదు.

"దీన్ని జేబులో ఏసుకోని యాల తిరుగుతాండావు? ఇదేమన్నా తాయెత్తా?"

సీలు తెంచి, వాడి తల వెనక్కి వంచి, చుక్క మీద చుక్క వేసింది. తుప్పు రేకు కొట్టుకొచ్చింది. వాడు మాత్రం ఆ పిల్ల చేతుల్లోంచి ఆకాశాన్ని చూస్తూ, ఇంత మంచి జబ్బు ఇన్నాళ్ళూ తనకెందుకు రాలేదా అనుకున్నాడు.

అరుణజ్యోతి జహ్రాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. రామసుబ్బయ్య అదే ఇంటికి డ్రైవరు. శుక్రవారం ఇంటి యజమానురాలు, అంటే వాళ్ళ మామా, సంసారంతో పుట్టింటికి పోతుంది. వాళ్ళను దింపి, సాయంత్రం దాకా తమ్ముడి కూతుర్ని మైదానానికి తీసుకొస్తాడు పెదనాయన.

మరుసటి శుక్రవారం అరుణజ్యోతి బిర్యానీతో పాటు ఇంకొకటి తెచ్చింది. మామా పెద్దకూతురు ఈత కొలనులో పెట్టుకొని పారేసిన ఈత అద్దాలు. చుట్టూ రబ్బరు, వెనక సాగే పట్టీ. గాలి చొరబడదు, దుమ్ము చొరబడదు. ఒక్కటే చిక్కు. గులాబీ రంగు.

"ఏందిర పెంచల్, గీడ ఈత కొడ్తవా?" హన్మాండ్లు పొట్ట పట్టుకున్నాడు. "ఇసుకల మునిగి ఏడ తేల్తవ్ర?"

"నవ్వుకో పో. ఆయమ్మి ఇచ్చింది," అన్నాడు పెంచల్. అద్దాలు పెట్టుకునే బ్యాటింగ్ చేశాడు, అద్దాలు పెట్టుకునే అన్నం తిన్నాడు.

ఇక ఫోను మాటలు మొదలయ్యాయి. ప్రేమికుల మాటలు తేనెలో ముంచి తీసినట్టు ఉంటాయని మీరనుకుంటారు. వీళ్ళవి వినండి.

"చుక్కలు ఏసినావా?"

"ఏసినా."

"ఎప్పుడు?"

"ఇందాక."

"ఇందాకంటే?"

"నువ్వు ఏసినావా అన్నావే, అప్పుడు."

"అన్నం తిన్నావా" అని ఆ పిల్ల ఒక్కనాడూ అడగలేదు. "నిద్రపోయినావా" అని వాడూ అడగలేదు. అయినా ఆమె వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఆ "ఇందాక"ను తలచుకొని నవ్వేది. మామా చూసి, ఉల్లిపాయలకు నవ్వే మనిషిని ఈమెనొక్కదాన్నే చూశానని అందరికీ చెప్పేది.

అంతా బాగుందనుకున్నప్పుడే గాలి లేచింది.

అదేం గాలి! ఆ శుక్రవారం లేచిన ఇసుకకు ఎండ ఎర్రబడింది. మైదానం చివర ఆగిన బండి తెల్లగా వచ్చి, పసుపుగా తిరిగిపోయింది. అరుణజ్యోతి బండిలో అద్దాలెక్కించుకొని కూర్చుంది. మసకలో దూరంగా పెంచల్ కనిపించాడు. గులాబీ అద్దాలు కంటి మీద లేవు. చేతిలో ఉన్నాయి.

ఆమె హారన్ కొట్టింది. గాలి హోరులో ఎవరికి వినపడుతుంది?

ఆదివారం వీడియోలో చూస్తే పెంచల్ ఎడమకన్ను చింతనిప్పులా ఉంది. నల్లగుడ్డు అంచున తెల్లగా మబ్బు. వాడు నవ్వుతూనే ఉన్నాడు, నొప్పి లేదు గదా. అరుణజ్యోతి అరిచిన అరుపుకు రామసుబ్బయ్య వెళ్ళి వాణ్ణి బండిలో కుక్కి ఆసుపత్రికి తోలుకుపోయాడు.

నల్లగుడ్డు మీద పుండు పడిందన్నాడు డాక్టరు. మందు వేస్తే మానుతుందన్నాడు. "ఇంకోసారి ఇట్లా అయితే కంట్లో పువ్వు పడుతుంది. చూపు పోతుంది." ఒంటికన్నువాడికి పాత కార్ల మధ్య పనివ్వరు. పని పోతే ఇఖామా లేదు. ఇఖామా లేకపోతే విమానమే.

పుండు మాని కంటి ఎరుపు తగ్గాక, ఒక శుక్రవారం అరుణజ్యోతి మైదానంలో వాణ్ణి నిలబెట్టింది.

"నేనిచ్చింది పెట్టుకునేదానికి నామోషీ అయితే ఆ ముక్క మొగానే చెప్పరాదా? ఆడపిల్లల రంగని నవ్వుతాండారని తీసేసినావు గదూ?"

"నామోషీ కాదు జ్యోతీ."

"మరి?"

"పెద్దాయన వచ్చినాడు."

"ఏ పెద్దాయన?"

"మీ పెదనాయన. అవుటా నాటౌటా అని మాట్లాడను నా కాడికి వచ్చినాడు. పెద్దోళ్ళ ముందర అద్దాలు పెట్టుకోని నిలబడితే మర్యాదేనా? తీసి చేతిలో పట్టుకున్న్యా."

అరుణజ్యోతి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"యార్డులో?"

"యార్డులో కఫీల్ వస్తే తీస్తా. వాళ్ళ నాయన వస్తే తీస్తా. ముసలాయన పాపం, దినమ్మూ వచ్చి పోతాంటాడు."

"ఇసుకగాలిలో?"

"గాలొచ్చిందని మర్యాద తప్పుతామా?"

పక్కనే ఉన్న రామసుబ్బయ్య రెండు చేతులతో తలపట్టుకున్నాడు. "ఒరే, నీ మర్యాద మన్నుగాను! నేనెప్పుడన్నా అడిగినానా నిన్ను?"

"మీరడిగితే అది మర్యాద ఎట్లయితాది, పెద్దాయనా?" అన్నాడు పెంచల్, టక్కున అద్దాలు తీసి.

"అదిగో! మళ్ళా తీసె!" అని అరుణజ్యోతి కాలు నేలకేసి కొట్టింది. "చూడు పెంచల్. పెద్దోళ్ళ ముందర అద్దాలు తీయకుండా నిలబడేది నేర్చుకో. నేర్చుకున్న నాడు నాతో మాట్లాడు. అందాక ఖలాస్."

ఖలాస్ అంటే ఖలాసే. ఫోను మూగబోయింది. ఆమె శుక్రవారాలు మైదానానికి రావడం మానేసింది. పెంచల్ తనంతట తనే చుక్కలు వేసుకున్నాడు, తలగుడ్డ కొసను కత్తిరించి పారేశాడు, పొద్దున సాయంత్రం అద్దంలో కన్ను చూసుకున్నాడు. ఎప్పుడు వేశావని అడిగేవాళ్ళు లేక, ఇందాక అని గోడకు చెప్పేవాడు.

ఇక మిగిలింది పెద్దవాళ్ళు. దానికోసం రామసుబ్బయ్యను బతిమాలి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. అద్దాలు పెట్టుకొని నిటారుగా నిలబడ్డాడు. కుడిచెయ్యి మెల్లగా లేచింది.

"చెయ్యి దించరా!"

"దించుతాండా పెద్దాయనా, అదే లేస్తాంది!"

"రెండో చేత్తో పట్టుకో!"

పట్టుకున్నాడు. రెండు చేతులూ కలిసి లేచాయి. హన్మాండ్లు వెనక నుంచి వచ్చి వాటి మీద కూర్చుంటే, హన్మాండ్లు కూడా జానెడు లేచాడని అక్కడున్నవాళ్ళు నేటికీ చెప్తారు.

రామసుబ్బయ్యకు అటు నుంచి ఇంకో బాధ. బండిలో వెనక సీటునుంచి తమ్ముడి కూతురు "వాని కన్ను ఎట్లుంది" అని అడిగేది. చెప్పబోతే "నాకెందుకులే" అనేది. చెప్పకపోతే "అడిగితే చెప్పవేంది" అనేది. చివరికి ఆయన విసిగి, ఒక శుక్రవారం పిల్లను బలవంతాన మైదానానికి తెచ్చి, ఊళ్ళో ఉన్న ఆమె తల్లి సంజీవమ్మకు వీడియో కాల్ పెట్టాడు.

"సంజీవమ్మా, నేను చెప్పిన పిల్లోడు వీడే. చూసుకో."

ఫోను వాడి మొహం ముందర పెట్టాడు. గాలి అప్పుడే ఇసుకను లేపుతోంది.

"బావా, ఇదేందిది? కప్ప మాదిరుండాడే?" అంది సంజీవమ్మ.

"నమస్కారం అత్తా," అన్నాడు పెంచల్.

"అద్దాలు తియ్యి నాయనా. మొగం చూడాల గదా."

హన్మాండ్లు బంతి వేయబోయి ఆగాడు. అరుణజ్యోతి బండి తలుపు పట్టుకొని చూస్తోంది. అడుగుతున్నది ఉత్త పెద్దమనిషి కాదు, పిల్లనిచ్చే అత్త.

పెంచల్ కుడిచెయ్యి లేచింది. చెంప దాటింది. పట్టీని తాకింది. అక్కడ ఆగింది. తర్వాత మెల్లగా దిగొచ్చి, రెండో చేతిని కలుపుకొని దండం పెట్టింది.

"తియ్యనత్తా," అన్నాడు. "మీ మాట కాదనడం కాదు. బయట గాలుండాది. ఈ కన్ను పోతే మీ బిడ్డను సగమే చూడాల్సొస్తాది. లోపలికి పోయినాక తీస్తా."

సంజీవమ్మ నోరు తెరిచింది. "బావా! వీనికి పెద్దలంటే భయం లేదే!"

"ఆ ముక్క కోసమే తల్లీ మేమిన్నాళ్ళూ ఎదురుచూసింది!" అని రామసుబ్బయ్య గెంతాడు. అంపైరు గెంతగానే హన్మాండ్లు టీము ఎందుకైనా మంచిదని అవుట్ అని అరిచింది.

అందరూ బండెక్కారు. అద్దాలెక్కించారు. కన్ను పోబోయిన కథంతా విన్నాక సంజీవమ్మ గొంతు మెత్తబడింది. "ఇప్పుడన్నా తీస్తావా నాయనా?"

పెంచల్ గులాబీ అద్దాలు తీసి, ఒళ్ళో పెట్టుకొని, వినయంగా తల వంచి, ఫోనులోకి చూశాడు. ఇంతసేపూ అద్దాల వెనక ఉన్న కుడికన్ను హాయిగా ఒకసారి మూసుకొని తెరుచుకుంది.

"బావా!" ఫోను అదిరింది. "వీడు నాకు కన్ను కొడతాండాడు!"

రామసుబ్బయ్య స్టీరింగు మీద తల వాల్చేశాడు. అరుణజ్యోతి పకపకా నవ్వుతూ ఫోను లాక్కుంది. "అమ్మా, అది కొట్టేది కాదే! రెప్ప వాల్చినాడు! వానికంతే! పెండ్లయినాక నీకే అలవాటయితాది!"

అన్నాక తెలిసింది ఏమన్నదో. ఊళ్ళో సంజీవమ్మ కూడా నవ్వింది. "అలవాటు చేసుకుంటాలేమ్మే," అంది.

ఫోను పెట్టేశాక అరుణజ్యోతి పక్కకు తిరిగింది. పెంచల్ ఆమెనే చూస్తున్నాడు. కుడికన్ను మూసుకుంది. ఈసారి తెరుచుకోవడానికి కొంచెం ఆలస్యం చేసింది.

"ఇది రెప్పేనా?" అంది అరుణజ్యోతి అనుమానంగా.

"కాదు. ఇది కొట్టిందే."

ఆమె మొహం గులాబీ అద్దాల రంగుకు తిరిగింది. ఒళ్ళోంచి ఆ అద్దాలు తీసి వాడి చేతిలో పెట్టి, చుక్కల మందు సీసా మూత తిప్పింది.

"తల వెనక్కి పెట్టు. ముందు చుక్కలు ఏసుకో."