జీడితోట కల్వర్టు కాడ చల్లగాలి

సబ్బవరం ఇంకా మూడు కిలోమీటర్లుందనగా జీడితోట పక్కన ఒక కల్వర్టుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. నర్సు ట్రైనింగు పిల్లొకర్తె డ్యూటీ దిగి ఇంటికెళ్తూ, ఆటో బోల్తాపడి అక్కడే పోయిందంట. అప్పట్నుంచి కల్వర్టు గతుకు మీద బండి ఎగిరితే చాలు — వెనక సీట్లో ఎవరో ఎక్కినట్టు చల్లగా తగుల్తాదంటారు.

నాను నమ్మను బావా. ఇరవై ఏళ్ళు స్టీరింగు తిప్పినోణ్ణి, నాకు దెయ్యం కన్నా కునుకంటేనే భయం. కానీ ఇది మా స్టాండులో అర్జునరావు చెప్పింది. వాడు అబద్ధమాడే రకం కాదు. అబద్ధమాడాలన్నా ఓపికుండాలి కదా, వాడికి అదీ లేదు.

వాడిది ఏడు సీట్ల బండి. వారానికి రెండుసార్లు రామలక్ష్మమ్మగారనే పెద్దావిణ్ణి సబ్బవరం నుంచి సిటీకి డయాలసిస్‌కి తీసుకెళ్తాడు. ఆవిడ మధ్య సీట్లో పడుకుంటాది, కూతురు చంద్రిక ముందు కూర్చుంటాది. మే నెల. ముందు ఏసీ బాగానే ఉంది, వెనక ఏసీ చచ్చింది. ఆ ఉక్కకి పెద్దావిడికి బీపీ పడిపోయి కళ్ళు తేలేస్తంది.

ఆటోనగర్లో ఏసీ మెకానిక్ హుస్సేన్ బాషా దగ్గరికి నాలుగుసార్లు తిరిగేడు. గ్యాసు సరిపోయింది. ఫిల్టరు కడిగేరు. వెనక ఫ్యానుకి విడిగా కరెంటిస్తే గిర్రున తిరుగుతంది. అయితే వైరింగే, సీట్లన్నీ ఇప్పి చూడాలన్నాడు బాషా. ఆవేళ డయాలసిస్‌కి టైమైపోతంది. లోపల వైరు రాసుకుని నిప్పురవ్వ లేస్తే ప్రమాదమని, వెనక ఫ్యాను ఫ్యూజు పీకి అర్జునరావు చేతిలో పెట్టి, రేపు పొద్దున్నే రమ్మన్నాడు. వీడు జేబులో వేసుకున్నాడు.

వెళ్ళేటప్పుడే ఆవిడ సగమైపోయింది. తిరుగు ప్రయాణంలో, రాత్రి ఎనిమిదికి, కళ్ళు మూసుకునే చెప్పింది.

"అర్జునా... ఇదే ఆకరు. ఈ పొయ్యిలో ఇంక నాను రాలేను. ఒగ్గీండి నన్ను."

రాకపోతే ఏటవుతాదో ముగ్గురికీ తెలుసు. చంద్రిక ఏడవను కూడా లేదు. ఏడ్చి ఏడ్చి విసిగిపోయి ఉంది పాపం. వీడు బండి నడిపేడు.

జీడితోట వచ్చింది... కల్వర్టు... బండి ఎగిరిపడింది —

వెనక పైకప్పులో ఏసీ గాలొచ్చే జాలీల్లోంచి సన్నగా గాలి చప్పుడు. వీడి మెడ మీద చల్లగా తగిలింది. అద్దంలో చూస్తే పెద్దావిడ నెరిసిన జుట్టు కదులుతంది. వీడు రెండోసారి అద్దం చూళ్ళేదు.

"ఎవుర్తివే పిల్లా నువ్వు..." ఆవిడ గొంతు, మెల్లిగా. "సెయ్యి ఎంత సల్లగున్నాదే."

చంద్రిక వెనక్కి తిరిగి చూసింది. సీట్లో అమ్మ, అమ్మ తల పక్కన తలగడ. అంతే. ఇల్లు చేరేదాకా ఆవిడ హాయిగా నిద్రపోయింది. నెలరోజుల్లో అంత నిద్ర అదే మొదలంట.

వీడు ఇంటికెళ్ళి చొక్కా కూడా విప్పకుండా పడిపోయేడు. పొద్దున్నే అలాగే లేచి ఆటోనగర్ వెళ్ళేడు. రాత్రి జరిగింది విని బాషా సీట్లు ఇప్పి, పక్క రేకు ఇప్పి, నవ్వేడు. వైరు కొస ఒకటి బోల్టు కింద వదులుగా ఉంది. గతుకులో ఎగిరినప్పుడు అది తగులుకుని ఫ్యాను తిరిగిందన్నాడు. దెయ్యమూ లేదు, నీ తలకాయా లేదన్నాడు. అర్జునరావుకి పెద్ద బరువు దిగిపోయింది. హమ్మయ్యనుకుని రెండు టీలు చెప్పేడు.

బాషా బోల్టు బిగించి, ఫ్యూజుల పెట్టె మూత తీసేడు. చూసి ఆగిపోయేడు.

"వెనక ఫ్యాను ఫ్యూజు... నిన్న నేనే పీకిచ్చేను కదా, ఏదీ తమ్ముడూ?"

వీడు జేబులోంచి తీసేడు. నిన్నట్నుంచి అక్కడే ఉంది. అది లేకుండా ఏ వైరు తగులుకున్నా ఆ ఫ్యాను తిరగదు. ఇద్దరికీ తెలుసు. టీలు చల్లారిపోయేయి.

అప్పుడే చంద్రిక ఫోను చేసింది.

"అమ్మ ఎల్లుండి వత్తానంటంది అన్నా. కానీ తలగడ ఆ పక్కన పెట్టొద్దంట... ఆ పిల్ల కూకోడానికి సోటుండాలంట."

అర్జునరావు చేతిలో ఫ్యూజు వంక చూసేడు.

"పెట్టనమ్మా," అన్నాడు. "సోటుంటాది."