శీతదంష్ట్రుడి చలి అంగీ

మేఖలపురం రాజ్యంలో ఆ ఏడు ఎండాకాలం రాలేదు. చైత్రం వచ్చినా నారుమళ్ళ మీద మంచు పేరుకుని ఉంది. పశువులు కొట్టాల్లోనే నీలుక్కుపోయాయి. కారణం అందరికీ తెలుసు. చలికొండ గుహలో ఉండే శీతదంష్ట్రుడనే రాక్షసుడు వణికినప్పుడల్లా గాలి గడ్డకట్టి రాజ్యం మీదికి దిగేది. తన ఒంటికి సరిపోయే చలి అంగీ కుట్టిస్తే వణకడం మానతానని వాడు కబురు పెట్టాడు. రాజుగారు దర్జీలను ఒకరి తర్వాత ఒకరిని పంపారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

ఆఖరికి వెళ్ళినవాడు పుల్లన్న. ఆయన కూతురు సింగారి తల్లి లేని పిల్ల, తండ్రి దగ్గరే కుట్టుపని నేర్చింది. తండ్రి జాడ ఎంతకీ తెలియకపోయేసరికి ఆమె కాపరుల దగ్గర గొంగళ్ళు పోగుచేసి, గాడిద మీద వేసుకుని కొండదారి పట్టింది. ఊరివాళ్ళు వద్దన్నారు. వద్దనడానికేం, కుంపటి పక్కన కూర్చుని ఎవరైనా అంటారు!

గుహలో దర్జీలందరూ మంచుబొమ్మలై వరసగా నిలబడి ఉన్నారు. చివరివాడు పుల్లన్న. “అయ్యా!” అంటూ సింగారి ఆ బొమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“అంగీ సరిపోతే మీ అయ్యను తీసుకుపో,” అన్నాడు శీతదంష్ట్రుడు చీకట్లోంచి. “సరిపోకపోతే ఆ పక్కనే నువ్వూ నిలబడు.”

వాడు రొమ్ము విరుచుకుని తాటిచెట్టంత నిలబడ్డాడు. సింగారి తాడుతో కొలతలు తీసి, గొంగళ్ళు కత్తిరించి, పైపైన కచ్చాకుట్టు వేసి తొడిగింది. వాడు కూర్చోగానే అంగీ వదులై లోపలికి గాలి దూరింది. వాడు వణికాడు. మంచు సింగారి మోకాళ్ళదాకా ఎక్కింది. ఆమె కుట్లు విప్పి, పక్కలు లోపలికి మడిచి మళ్ళీ కుట్టింది. ఈసారి వాడు లేచి రొమ్ము విరిచేసరికి భుజాల దగ్గర దారాలు పటపటా తెగాయి. మంచు ఆమె నడుము దాటింది. ఇక వేళ్ళకు ఎక్కిందంటే కుట్టేవాళ్ళే ఉండరు.

ఒకే ఒంటికి ఒకసారి వదులు, ఒకసారి బిగువూ ఎలా అవుతుంది? అప్పుడు సింగారికి ఇంటి దగ్గరి సంగతి తట్టింది. కొలతలకు నిలబడితే చాలు, ఎంత బక్కవాడైనా ఊపిరి బిగబట్టి రొమ్ము పొంగిస్తాడు. అందుకే పుల్లన్న వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి, పంట సంగతో పిల్లల సంగతో అడిగి, ఊపిరి వదిలాక కొలిచేవాడు. రాక్షసుణ్ణి కూర్చోమనే ధైర్యం మాత్రం పాపం ఆయనకూ లేకపోయింది. భయం ఎంతటి పనివాడి చేతనైనా తప్పు చేయిస్తుంది మరి.

“కూర్చో, దొరా,” అంది సింగారి. “ఈ చలి నీకెప్పట్నించి?”

ఆ మాట వాణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వాడు ఆమె ఎదుటే చతికిలబడ్డాడు. తర్వాత మెల్లగా చెప్పసాగాడు. పసితనంలో తల్లి ఈ గుహలో వదిలి వెళ్ళిపోయిందట. తాను చిన్నవాణ్ణని వచ్చేపోయేవాళ్ళకు తెలియకూడదని అప్పటినుంచీ ఊపిరి బిగబట్టి నిలబడుతున్నాడట. చెబుతున్నకొద్దీ వాడి రొమ్ము దిగింది, భుజాలు జారాయి. చివరికి మనిషికన్నా జానెడే ఎత్తున్నాడు. సింగారి చప్పున కొలిచి, అంగీలో సగానికి పైగా కత్తిరించి పడేసింది.

వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. “నేనింతేనా, పిల్లా?”

మంచు ఆమె మోచేతులకు పాకింది.

“నువ్వెంతైతే నాకేం, దొరా. చలి దూరకూడదు, అంతే,” అని సింగారి తల ఎత్తకుండా కుట్టుకుంటూ పోయింది.

వేళ్ళు మొద్దుబారుతుండగా దారం కొరికి అంగీ తొడిగింది. వాడు కూర్చున్నాడు, లేచాడు, చేతులెత్తాడు. ఎక్కడా బిగువు కాలేదు, ఎక్కడా గాలి దూరలేదు. అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టబోయి మానేశాడు. వాడి ఒంట్లో వణుకు ఆగిపోయింది.

గుహ నిండా నీళ్ళు కారసాగాయి. దర్జీలు ఒక్కొక్కరే కదిలారు. పుల్లన్న కళ్ళు తెరిచి ముందు కూతురి వంక కాదు, అంగీ వంక చూశాడు.

“చంక దగ్గర ఎంత వదిలావమ్మా?” అన్నాడు.

సింగారి ఆయన్ను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. శీతదంష్ట్రుడు అందరినీ కొండ కిందిదాకా సాగనంపాడు. మేఖలపురం మీద ఎండ కాస్తోంది. ఊరు చేరేదాకా పుల్లన్న కూతురి చెయ్యి వదలలేదు.