కరెంటు చొక్కా

"ఇదేంటమ్మా, చొక్కాకి తోకుంది?"

ఆ మాటన్నది తోంగ్ బో. అనడమే ఆలస్యం, గడ్డకట్టిన నది మీదున్న ఇరవై మందీ ఘొల్లున నవ్వారు.

చొక్కా పట్టుకొచ్చిన రుయీ తలెత్తి చూసింది. నిజంగానే తలెత్తాలి, మనిషి ఆరడుగుల పైమాటే. కనుబొమల మీద మంచు, మీసం మీద మంచు. చెవుల మీదకి దించిన బొచ్చు టోపీ, చేతిలో ఐసు దిమ్మల్ని లాగే పొడుగాటి కొక్కెం. ఆ అవతారంలో ఒక్క కళ్ళు మాత్రమే మనిషివి. అవేమో నవ్వుతున్నాయి.

"తోక కాదు, వైరు. దానికి పవర్‌బ్యాంకు తగిలిస్తే వీపు వెచ్చబడుద్ది."

"ఉడికాక విజిల్ వేస్తుందా?"

మళ్ళీ నవ్వులు. రుయీకి ఒళ్ళు మండింది. మైనస్ ఇరవై ఎనిమిదిలో ఒళ్ళు మండడమంటే ఒక రకంగా మంచిదే అనుకోండి.

"విజిల్ వెయ్యదు. నీలాగా ఊరికే కూతలు కూయడం దానికి రాదు."

ఈసారి ఇరవై మందీ బో వైపు తిరిగి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వాళ్ళ మేస్త్రి గువాన్ బాబాయ్.

సొంగ్‌హువా నది గడ్డకట్టి అప్పటికి నెల పైనే. పొద్దున పూట నదిని రంపాలతో కోసి దిమ్మలు లాగుతారు. మధ్యాహ్నం నించి ఆవలి ఒడ్డున వాటితో కోటలు కట్టి చెక్కుతారు. ఏటా హార్బిన్‌లో చలికాలం ఐసు పండక్కి ఇదే పని. బో రెండూ చేస్తాడు. లాగడంలో ఎద్దు, చెక్కడంలో కంసాలి.

రుయీ నాన్న కూడా ముప్పై ఏళ్ళు ఈ నది మీదే ఐసు లాగాడు. ఇప్పుడాయన నడుం నిటారుగా నిలబడదు. చలి పడదని డాక్టరు చెప్తే దక్షిణాన శాన్యాలో, సముద్రం పక్కన, తమ్ముడింట్లో ఉంటున్నాడు. ఆయన వీపు చూసి చూసే రుయీకి ఈ చొక్కా ఆలోచన వచ్చింది. అండర్‌గ్రౌండ్ బజార్లో తనకో చిన్న కుట్టుమిషను షాపుంది. రెండు పొరల దూది మధ్యలో వేడెక్కే పల్చటి షీట్లు పెట్టి, వైరు ఎక్కడా గుచ్చుకోకుండా, కుట్టి విప్పి కుట్టి విప్పి చివరికి ఒకటి తయారుచేసింది. తనకోటి ముందే ఉంది. రుయీకి పుట్టుకతోనే చలెక్కువ, జూన్‌లో కూడా సాక్సులు విప్పదు.

వాళ్ళమ్మేమో ఖచ్చితంగా చెప్పేసింది. "నాన్న అక్కడ, మనం ఇక్కడ, ఇదేం సంసారమే? శుక్రవారం ఫ్లైటుకి రెండు టికెట్లు తీశా. ఈలోపు ఆ ఐసోళ్ళు నీ చొక్కా వేసుకున్నారా, నువ్వుండు. లేదా, మిషను అమ్మేసి నాతో రా."

అదీ సంగతి. అందుకే రుయీ ఆ రోజు నది మీదకొచ్చింది.

గువాన్ బాబాయ్ చొక్కా అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వు మా పాత దోస్తు కూతురివి, కాదనలేను. షెడ్డులో మేకుకి తగిలించిపో. ఎవడో ఒకడు వేసుకుంటాడు."

"బాబాయ్, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చొక్కా కోటు లోపల వేసుకోవాలి. పవర్‌బ్యాంకు కడుపుకి ఆనుకుని ఉండాలి. బయటి జేబులో పెడితే చలికి చచ్చిపోద్ది."

"మా ఫోన్లు రోజూ చచ్చేది అలాగేగా," అన్నాడు బో. "అయినా చలికి భయపడేవాడు ఐసు పనికి ఎందుకమ్మా? ఇళ్ళల్లో పొయ్యి పక్కన కూర్చోక."

"మా నాన్న కూడా ఇలాగే అనేవాడు," అంది రుయీ. అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

బో నవ్వు అక్కడితో ఆగిపోయింది. అది మాత్రం ఆమె చూడలేదు.

*

మర్నాడు సాయంత్రం షాపు ముందు ఆరడుగుల నీడ పడింది.

"గ్లవ్ చిరిగింది. కుడతావా?"

"తోకలేని వస్తువులు కూడా కుడతాను. ఇటివ్వు."

కుట్టిచ్చింది. ఆ తర్వాత రోజు మళ్ళీ వచ్చాడు. రెండో గ్లవ్ అట. ఈసారి చేతిలో గడ్డకట్టిన నల్ల బేరిపళ్ళ సంచి.

"ఇవెందుకు?"

"దారిలో అమ్ముతున్నారు. ఊరికే."

"చలికి వణికేదానికి ఐసు పళ్ళు తెచ్చావా? నిన్నెవరు కన్నారో గానీ..."

"నీళ్ళలో వేస్తే కరుగుతాయి. అంతదాకా కూర్చుంటాలే," అని స్టూలు లాక్కున్నాడు.

పళ్ళు కరిగేదాకా కూర్చున్నాడు, ఒట్టిగా కాదు, బోలెడు కబుర్లు. ఐసులో బుడగ ఉంటే దిమ్మ ఏడుస్తుందట, స్వచ్ఛంగా ఉంటే ఉలి తగలగానే పాడుతుందట. దిమ్మని దిమ్మకి ఎలా అతికిస్తారో చేతులు తిప్పుతూ చెప్పాడు. "నీళ్ళు రాసి ఆనించడమే. రెండు నిమిషాలు కదపకూడదు. తర్వాత ఏనుగొచ్చి లాగినా రాదు."

రుయీ వింటూ వింటూ కుట్టు తప్పింది. అది తనకే కొత్త.

"మరి నా చొక్కా ఎవరైనా వేసుకున్నారా?"

బో బేరిపండు వైపు చూశాడు. "మేకుకే ఉంది."

"నువ్వు?"

"నేనా? ఇరవై మంది ముందు కూత కూశాను కదా. ఇప్పుడు వేసుకుంటే బతకనిస్తారా?"

"సరేలే. శుక్రవారం శాన్యా వెళ్ళిపోతున్నా. గురువారం వచ్చి తీసుకుపోతా."

"ఎన్ని రోజులకి?"

"మొత్తానికి."

బో నోట్లోని పండు మింగకుండానే లేచాడు. గ్లవ్ తీసుకున్నాడు, టోపీ మర్చిపోయి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి టోపీ తీసుకుని, ఏదో అనబోయి, అనకుండా వెళ్ళాడు. వీడికసలు వెటకారం తప్ప ఏదీ నోటికి రాదనుకుంది రుయీ.

*

గురువారం మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళి చూస్తే మేకు ఖాళీ.

"పొద్దున్నించీ కనపట్లేదమ్మా," అన్నాడు గువాన్ బాబాయ్, మొహమాటంగా. రుయీ ఆ మేకుని ఇంకోసారి తడిమి చూసింది. తన చేత్తో కుట్టింది, ఎవరో పనికిరాని గుడ్డ కింద పారేశారన్నమాట.

అంతలో బాబాయ్ ఫోన్ మోగింది. ఆయన విన్నాడు. మళ్ళీ విన్నాడు. "ఏ గోడకి? ఎవడు? అతుక్కోవడమేంట్రా?"

ఫోన్ పెట్టేసి రుయీ వైపు చూశాడు. "నీ చొక్కా దొరికిందమ్మా. లోపల మనిషి కూడా ఉన్నాడు."

ఇద్దరూ పరిగెత్తారు. ఆవలి ఒడ్డున కోట ద్వారం పక్క గోడ, అద్దంలా మెరుస్తోంది. దానికి వీపు ఆనించి తోంగ్ బో నిలబడి ఉన్నాడు. చుట్టూ పనివాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు.

జరిగిందేంటంటే, అయ్యగారు చొక్కా వేసుకున్నారు. కానీ చలిలో కోటు విప్పడానికి బద్ధకించి కోటు పైన వేసుకున్నారు. పవర్‌బ్యాంకు బయటి జేబులో. వేడి ఫుల్లు. భోజనం టైములో గోడకి ఆనుకుని నిలబడి బన్నులు తింటుంటే వెనకాల ఐసు కరిగింది. చొక్కా తడిసింది, కోటూ తడిసింది. అప్పుడు పవర్‌బ్యాంకు చలికి చచ్చింది. నీళ్ళు రాసి, ఆనించి, కదలకుండా ఉంటే ఏమవుద్దో ఊళ్ళో అందరికంటే బాగా తెలిసినవాడు తనని తానే గోడకి అతికించుకున్నాడు. పైగా రంపం కోతకి రాలిన ఐసు పొడి పడి చొక్కా జిప్పూ కోటు జిప్పూ రెండూ గడ్డకట్టాయి. గింజుకుని గింజుకుని నడుం వరకూ ఊడాడు, భుజాలు మాత్రం రాలేదు.

"చెప్పాను కదా లోపల వేసుకోమని!" అంది రుయీ.

"చెప్పావు."

"కడుపుకి ఆనించమని!"

"అదీ చెప్పావు."

"వేణ్ణీళ్ళు పొయ్యండ్రా," అన్నారెవరో.

"వద్దు! గోడ పగుల్తుంది!" అరిచాడు బో. 

రుయీ సంచిలోంచి కత్తెర తీసింది. "నీ గోడకేం కానివ్వను. చొక్కా ముందువైపు కోసేస్తా."

బో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కోస్తే షీటు తెగిపోద్ది. మాకిచ్చింది ఇదొక్కటే. బాబాయ్, ఉలి తీసుకో, గోడే చెక్కెయ్."

"పది రోజులు చెక్కావు కదరా!" అన్నాడు బాబాయ్.

"మళ్ళీ చెక్కుతా."

"వద్దు, చొక్కా కోస్తా!"

"వద్దు, గోడ కొట్టు!"

గువాన్ బాబాయ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురం చేసినవాడు కదా, ఆయనకి విషయం అర్థమైపోయింది. "ఒరేయ్, అందరూ వెళ్ళి పని చూసుకోండి," అన్నాడు. ఒక్కడూ కదల్లేదు.

రుయీ ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత తన కోటు జిప్పు దించి, లోపల తన చొక్కాకున్న పవర్‌బ్యాంకు పీకి, బో కోటు అంచు ఎత్తి, అతని కడుపు దగ్గర దూర్చి, వైరు తగిలించింది. మీట నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది.

"అరగంటలో కరుగుద్ది. కదలకు."

"మరి నీకు?"

"నాకేం కాదు," అంది. అనేసరికే పళ్ళు టకటకలాడుతున్నాయి.

బో చేతులు గోడకి అతుక్కోలేదుగా. టోపీ తీసి ఆమె తలకి పెట్టాడు, ముక్కు దాకా దిగింది. గ్లవ్స్ తీసి తొడిగాడు. అవి మోచేతుల దాకా వచ్చాయి.

రుయీ గ్లవ్ కుట్టుని దగ్గరగా చూసింది. "ఇది చిరిగింది కాదు. నీటుగా కోసినట్టుంది. నువ్వే కోసుకున్నావు కదా?"

బో మెల్లగా తలూపాడు.

"రెండూనా?"

"మూడోది కూడా కోశాను. నువ్వు వెళ్ళిపోతున్నావని తెలిశాక తేలేదు."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"కూత కూసినంత తేలిగ్గా అది రాలేదు. అందుకే ఇవాళ చొక్కా వేసుకున్నా. బావుందని అందరిముందూ చెప్దామని. మొదటి రోజే అన్నావు కదా, మా నాన్నా ఇలాగే అనేవాడని. అప్పట్నించీ నిద్రలేదు." గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "వెళ్ళకు రుయీ. నాకిక్కడ నువ్వు కావాలి."

"పారిపోలేవు కాబట్టి చెప్తున్నావా?"

"అవును. లేకపోతే ఈపాటికి నది దాటేవాణ్ణి."

ఎవరో ఈల వేశారు. బాబాయ్ మాత్రం బో వెనక్కి వంగి గోడని వేలితో తాకి చూస్తున్నాడు. "ఒరేయ్, నవ్వడం ఆపి ఇటు రండి. మైనస్ ఇరవై ఎనిమిదిలో ఇంత లోతు ఐసు కరిగించిందిరా ఈ చొక్కా! వీపుకి వేసుకుంటే ఎలాగుంటుందో ఆలోచించండి. అమ్మా రుయీ, ముందు నాకు కుట్టు. నా నడుం మీ నాన్న నడుం దారిలోనే ఉంది."

"నాకూ!" "నాకు రెండు, మా నాన్నకోటి!" ఇరవై గొంతులూ ఒకేసారి లేచాయి.

అదే టైముకి రుయీ ఫోన్ మోగింది. అమ్మ. గ్లవ్ లాగి మొద్దుబారిన వేళ్ళతో నొక్కితే స్పీకర్ ఆనయింది.

"ఎక్కడున్నావే? సర్దుకోవా?"

"అమ్మా, ఐసువాళ్ళు చొక్కా ఒప్పుకున్నారు. నేను రాను. ఇంకా... ఒకబ్బాయి ఉన్నాడు."

"ఎవడు? ఎక్కడ?"

"ఐసు కోట దగ్గర. గోడకి అతుక్కుపోయాడు."

అవతల సూట్‌కేసు మూత దబ్బున పడ్డ చప్పుడు. తర్వాత, "అయితే వదిలించకే! నేనొచ్చి చూసేదాకా అక్కడే ఉంచు!"

ఇరవై నిమిషాల్లో ట్యాక్సీ దిగింది ఆవిడ, మూడు కోట్ల మీద ఒక శాలువా. పెళ్ళిచూపుల్లో పిల్లాణ్ణి గోడకి బిగించి పెట్టడం హార్బిన్‌లో కూడా మొదటిసారే అయ్యుంటుంది. ఆవిడ ముందుకొచ్చి పైనించి కిందకి చూసింది. పక్కకెళ్ళి చూసింది.

"పేరు?"

"తోంగ్ బో, పిన్నిగారూ."

"తాగుతావా?"

"పండక్కి కొంచెం, పిన్నిగారూ."

"వేసవిలో ఐసుండదుగా, ఏం చేస్తావు?"

"రాయి చెక్కుతాను, పిన్నిగారూ."

"మా అమ్మాయికి చలెక్కువ. తెలుసా?"

బో రుయీ వైపు చూశాడు. తన టోపీలో సగం మునిగిపోయి, పళ్ళు కొట్టుకుంటూ నిలబడ్డ పిల్ల.

"తెలుసండీ. తన వేడి తీసి నాకిచ్చింది. అంతకంత నేనివ్వాలి కదా, అందుకు ఒక జన్మ పట్టుద్ది."

ఆవిడ ముక్కు ఎగబీల్చింది. చలికో, దేనికో. "నోరు మంచిదే. కానీ పిన్నీ పిన్నీ అంటావేంటి? పిన్ని కూతురు చెల్లెలవుద్ది. అత్తా అనలేవూ?"

"అత్త..." అనబోయాడు. వెనకాల 'చర్ర్' మని శబ్దం. భుజాలు ఊడొచ్చాయి. అరగంటసేపు వెనక్కి వాలిన మనిషి ఒక్కసారిగా ముందుకి తూలి, బోర్లా, సాగిలపడి, సరిగ్గా ఆవిడ బూట్ల ముందు పడ్డాడు.

చొక్కాకి చిరుగు లేదు, గోడకి పగులు లేదు.

"లే లే," అంది ఆవిడ, కంగారుగా వెనక్కి జరిగి. "పెద్దలకి సాగిలపడి మొక్కే కొత్త సంవత్సరం పండక్కి ఇంకా నెలన్నర ఉంది." అని కూతురి వైపు తిరిగింది. "రేపు ఫ్లైటు ఎన్నింటికే?"

"పదకొండింటికమ్మా."

"నా సూట్‌కేసులు మూడున్నాయి. మొయ్యడానికి ఇతన్ని తీసుకురా. దింపేసి ఇద్దరూ వెనక్కొచ్చెయ్యండి."

బో తల కూడా ఎత్తలేదు. మంచులో మొహం పెట్టుకునే అడిగాడు. "ఎన్నింటికి రమ్మంటారు, అత్తయ్యా?"