వంకర వంతెన మీద యున్‌షూ

"యున్‌షూ అవతలి మనిషైపోయింది," అన్నాడు చీఫ్ ఫాంగ్. "అడ్డొస్తే కాల్చెయ్."

ఏజెంట్ లూ వెంజాన్ తలూపాడు. ఒకప్పుడు అతనికి పెళ్లి కుదిరింది ఆమెతోనే. జపాన్ సైన్యం చైనాలోని ఈ సూజో నగరాన్ని పట్టుకున్నాక ఆమె అతనిచ్చిన పచ్చరాతి గాజు తిప్పి పంపేసింది. శత్రు గూఢచారి దళపతి కర్నల్ ఇనాబా పక్కన విందుల్లో కనిపించసాగింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటి తోటలో నగర వైద్యులకు టీ విందు. అక్కడ బాంబు పేలుతుందనీ, నేరం గెరిల్లాల మీద వేస్తారనీ సంతకం లేని కబురొకటి అందింది.

వెంజాన్ రాళ్లు అతికే మేస్త్రీ వేషంలో తోటలోకి వెళ్లాడు. యున్‌షూ కొలను గట్టున నిలబడి ఉంది.

"గడ్డం నీకు నప్పలేదు," అంది మెల్లగా.

అతని చెయ్యి పిస్టల్ మీదికి పోయింది.

"తర్వాత కాలుద్దువులే. బాంబు ఆ రాతి కడుపులో ఉంది. కబురు పంపింది నేనే."

అలలు తొలిచి చిల్లులు చేయాలని ఆమె ముత్తాత ఏళ్ల తరబడి సరస్సులో ముంచి ఉంచిన రాయి అది. కొలువు పోగొట్టుకుని ఇల్లు చేరిన ఆ పెద్దమనిషి, దాని చుట్టూనే ఈ చిన్న తోట కట్టుకున్నాడు.

వెంజాన్ రంధ్రంలో చెయ్యి పెట్టాడు. టైమర్ తగిలింది. అంతలో గేటు దగ్గర బూట్ల చప్పుడు. బాంబును చివరిసారి చూసుకోవడానికి ఇనాబా వస్తున్నాడు.

"నాకు టైమ్ కావాలి."

"ఇస్తాను. ఇంత చోటులో మా ముత్తాత దారిని ఇన్ని మెలికలు తిప్పింది ఎందుకనుకున్నావ్?"

ఆమె వెళ్లింది. గోడలోని జాలీ కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఇలా రండి కర్నల్. ఈ గుండ్రటి గుమ్మంలోంచి చూస్తే ఆ దూరపు పగోడా మా తోటలోదే అనిపిస్తుంది. కట్టింది ఎవరో, చూసుకునేది మేము."

ఇనాబా నవ్వాడు. వెంజాన్ ఒక వైరు తెంచాడు.

"ఈ వంతెన ఇంత వంకరేమిటి?"

"దయ్యాలు తిన్నగానే నడుస్తాయట. మలుపొస్తే నీళ్లలో పడతాయి. మీరు చూసి నడవండి."

ఈసారి అతను నవ్వలేదు. "మేడమ్, ఇక్కడికి ఇందాకే వచ్చాం."

"తోట చిన్నది కదండీ."

తుపాకీ పేలింది.

వెంజాన్ చేతులు ఆగలేదు. టైమర్ ముల్లు చివరి గీతను తాకబోతుండగా ఆఖరి వైరు తెగింది. మరుక్షణం జాలీలోంచి కాల్చాడు. ఇనాబా కొలనులో పడ్డాడు.

యున్‌షూ వంతెన మీద ఒరిగిపోయి ఉంది. వెంజాన్ ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"డాక్టర్లు?"

"క్షేమం. ఇంకా దారిలోనే ఉన్నారు."

"ఆ గాజు ఎందుకు పంపేశానంటే..."

"తెలుసు. మాట్లాడకు."

నిజానికి అప్పటిదాకా అతనికి తెలియదు. తెలుసన్న మాట ఆమె నమ్మినట్టే చూసింది. ఆ చూపు అలాగే నిలిచిపోయింది. వైద్యులు వచ్చేసరికి వాళ్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

రిపోర్టు విన్నాక ఫాంగ్ చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"సాయంత్రం పడవకి షాంఘై వెళ్లాలి. అనుమానాలేమైనా ఉన్నాయా?"

"నాకేం లేవు సార్," అన్నాడు వెంజాన్. "అనుమానాలన్నీ మీ శాఖే చూసుకుంటోందిగా."